తాతలూ, మస్టర్ పడే వేళయింది

సింగరేణి బాయిల్లో పని చేసి రిటైరై మంచిర్యాల, నస్పూర్, శ్రీరాంపూర్, మందమర్రి, రామకృష్ణాపూర్, బెల్లంపల్లిలో ఉంటున్న అన్నలారా,

నేను మీలో చాలామందికి ఎరుక లేను. మా బాపు ఎరుకై ఉండొచ్చు. కోల్ ఫిల్లర్‌గా చేరి, టింబర్‌మన్‌గా దిగిపోయిండు. నేను సర్కారు బడిలో ముప్పయ్యేళ్లు పంతులమ్మగా చేసి, ఇప్పుడు మీలాగే ఇంటి పట్టున ఉంటున్నాను. మీతో ఒక పని పడింది. అందుకే ఈ ఉత్తరం.

బాపు ఫస్ట్ షిఫ్టు దిగి ఇల్లు చేరేసరికి మేం బడి నుంచి వచ్చి వాకిట్లో ఉండేవాళ్లం. సైకిల్ గంట వినబడగానే ఉరికేవాళ్లం. ఆయన రెండు చేతులూ పైకెత్తి, "ఆగుండ్రి, ముట్టుకోకుండ్రి" అనేవాడు. గోలెం దగ్గర కూర్చుని ఎర్ర సబ్బు, కొబ్బరి పీచు పెట్టి మోచేతుల దాకా రుద్దేవాడు. చీపురుపుల్లతో గోర్ల సందులు తీసేవాడు. మొదటి నీళ్లు నల్లగా పోయేవి, రెండోసారి బూడిద రంగులో. మూడోసారి తెల్లటి నీళ్లు పోతే తప్ప మమ్మల్ని ఎత్తుకునేవాడు కాదు. మేం పక్కన నిలబడి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టేవాళ్లం. చేతులు కడుక్కోండని మాకు ఎవరూ పాఠం చెప్పలేదు. కానీ ఇప్పటికీ నా చేతులు మూడు నీళ్లు చూడందే అన్నం పళ్లెం దగ్గరికి రావు.

రెండేళ్లుగా మా ఇంటి దగ్గరి అంగన్‌వాడీకి ప్రతి గురువారం పోతున్నాను. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై మంది దాకా ఉంటారు. ఒక టీచరు, ఒక ఆయా. మొదటి గురువారం నేను చేసిన నిర్వాకం చెప్తే నవ్వుతారు. ముప్పయ్యేళ్ల అలవాటు కదా, చార్టు పట్టుకుపోయాను. దాని మీద పచ్చరంగు క్రిములు, కోరలు, ఎర్ర కళ్లు. చేతులు కడుక్కోకపోతే ఇవి పొట్టలోకి పోతాయని చెప్పాను. ఒక పిల్ల ఏడుపు అందుకుంది. ఇంకొకడు తన అరచేయి అటూ ఇటూ తిప్పి చూసుకుని, "నాకు లెవ్వు టీచర్" అన్నాడు. వాడి మాట సబబే. మూడున్నరేళ్ల పిల్లవాడికి కంటికి కనబడనిది లేనట్టే లెక్క.

మా వెనక వాడకట్టులో ఒకన్న ఉన్నాడు, హాలర్ ఆపరేటర్‌గా రిటైరయ్యాడు. రోజూ మనవణ్ణి దింపి, గేటు పట్టుకుని కాసేపు నిలబడి పోతుంటాడు. నా క్రిముల పాఠం అంతా అక్కణ్ణుంచే విన్నాడట. పోయేటప్పుడు, "టీచరమ్మా, వచ్చే వారం జర నన్ను చూపియ్యనిస్తవా?" అన్నాడు.

ఆ గురువారం కాగితంలో బొగ్గు పెళ్ల చుట్టి తెచ్చాడు. పిల్లల నడుమ గొంతుకూర్చుని తన రెండు అరచేతుల నిండా రుద్దుకున్నాడు. పిల్లలు గప్‌చుప్. "ఇప్పుడు బువ్వ తినాల్నా?" అన్నాడు. "వద్దూ" అని ఒకటే అరుపు. ఉత్త నీళ్లు పోయించుకున్నాడు. నలుపు కదల్లేదు. సబ్బు తీసుకున్నాడు. అరచేతులు, చేతుల వెనక, వేళ్ల సందులు, బొటనవేళ్లు, మణికట్లు. కడిగి చూపించాడు. ముందు వరసలో ఉన్న పిల్ల ముక్కు ఆయన వేళ్లకు ఆనించినంత పని చేసి, "గోర్లల్ల ఇంకున్నది తాతా!" అంది. మళ్లీ రుద్దాడు. మళ్లీ ఉంది. మూడోసారి అందరూ కలిసి పాస్ చేశారు. నా చార్టు ఇప్పుడు ఆయా బియ్యం డబ్బా మీద మూతగా పనికొస్తోంది.

అన్నలారా, తర్వాతి వారం పోయి చూస్తే సగం మంది మరిచిపోయారు. అన్నం పళ్లేలు రాగానే నల్లా వైపు చూసినవాళ్లు ఏడెనిమిది మందే. ఆ అన్న మళ్లీ వచ్చాడు. ఆ తర్వాతి వారం బొగ్గు లేకుండా ఉత్త చేతులతో వచ్చాడు. దసరా సెలవుల దాకా ఒక్క వారం తప్పలేదు. ఆయన చేసిందల్లా పిల్లలతో పాటు తనూ వరసలో నిలబడి చేతులు కడుక్కోవడం. బతుకమ్మ పండుగ అయి తిరిగొచ్చాక ఒక రోజు ఆయనకు జ్వరం వచ్చి రాలేదు. నేనూ ఆలస్యంగా పోయాను. పిల్లలు వాళ్లంతట వాళ్లే వరసకట్టి, ఒకరి గోర్లు ఒకరు చూసుకుంటున్నారు. టీచరు నన్ను చూసి కళ్లతోనే నవ్వింది. ఇంత చిన్న సంగతికి నాలుగు నెలలు పట్టింది.

ఈ నాలుగు నెలల లెక్క మీకు కొత్త కాదు. వీటీసీలో ట్రైనింగ్ అయిన తెల్లారే ఎవరూ గని మనిషి అయిపోలేదు. మస్టర్ దగ్గర పేరు పడాలి, టోపీ, లైటు తీసుకోవాలి, జేబులో బీడీ, అగ్గిపెట్టె లేవని చూపించాలి. లోపల సర్దార్ కట్టెతో పైకప్పు తట్టి చప్పుడు వినేవాడు. గట్టిగా మోగితే పని, డొల్లగా మోగితే వెనక్కి. ముప్పయ్యేళ్ల సర్వీసులో ఒక్క రోజు తట్టకుండా లోపలికి పోయినా ప్రాణం మీదికొచ్చేది. రక్షణ పక్షోత్సవాలప్పుడు బ్యానర్లు కట్టేవాళ్లు, బహుమతులు ఇచ్చేవాళ్లు. బాగానే ఉండేది. కానీ మిమ్మల్ని ఇంటికి చేర్చింది ఆ పదిహేను రోజుల బ్యానరా, రోజూ తట్టిన కట్టెనా? అంగన్‌వాడీలకు ఇప్పుడు బ్యానర్లకు కొదవ లేదు. సెప్టెంబరులో పోషణ మాసం, అక్టోబరు 15న చేతుల శుభ్రత దినం. రోజూ తట్టే మనిషే లేడు. అందుకే మీ వాడకట్టు అంగన్‌వాడీకి మిమ్మల్ని రమ్మంటున్నాను.

మన పిల్లల పరిస్థితి ఒక మాట చెప్పాలి. 2019లో మన రాష్ట్రంలో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. అంతకు ముందు సర్వేలో ఇది 28. అదే ఈడు పిల్లల్లో రక్తం తక్కువున్నవాళ్లు నూటికి 61 నుంచి 70కి పెరిగారు. తిండి ఇవ్వడం లేదా అంటే ఇస్తున్నారు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన ఈ అంగన్‌వాడీ పథకం కింద ఇవాళ మన రాష్ట్రంలో 35,700 కేంద్రాలున్నాయి. ఏడు నెలలు నిండిన పసివాళ్లకు బాలామృతం ప్యాకెట్ ఇంటికే వస్తుంది. మూడేళ్లు దాటినవాళ్లకు కేంద్రంలోనే వేడి అన్నం, పప్పు, గుడ్డు. 2015 జనవరి 1 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు, బాలింతలకు ఒక పూట నిండు భోజనం, పాలు. మరి తిన్నది ఎటు పోతోంది? అన్ని కారణాలూ మన చేతిలో లేవు. తల్లి గర్భంలోనే మొదలయ్యేవి ఉన్నాయి, ఇంటి రాబడితో ముడిపడినవి ఉన్నాయి. కానీ కొంత భాగం మాత్రం విరేచనాల్లో పోతోంది, నులిపురుగులు తింటున్నాయి. అంటే గోర్ల సందుల్లోంచి పోతోంది. సబ్బుతో చేతులు కడిగే అలవాటు పడితే విరేచనాల జబ్బులు దాదాపు మూడో వంతు తగ్గుతాయని దేశదేశాల్లో చేసిన పరిశీలనలు చెబుతున్నాయి. మందుల షాపులో కొనే ఏ టానిక్కూ ఈ పని చేయదు.

ఇంకొంత చాయ్‌లో పోతోంది. మన కాలనీల్లో పొద్దుగాల పిల్లలకు చాయ్‌లో బిస్కెట్ ముంచి పెట్టడం ఎంత మామూలో మీకు తెలుసు. చాయ్ మనం తిన్న తిండిలోని ఇనుమును ఒంటికి సరిగా పట్టనివ్వదు. దాని పైన ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్. పదకొండు గంటలకు ప్యాకెట్ తిన్న పిల్ల పన్నెండు గంటలకు పప్పన్నం ఎందుకు తింటుంది? ఇక్కడ మీకు కోపం వచ్చే మాట ఒకటి చెప్పాలి. ఆ ప్యాకెట్ కొనిచ్చేది చాలా ఇళ్లల్లో తల్లి కాదు, తాత. సాయంత్రం మడిగె దాకా వేలు పట్టుకుని తీసుకుపోయి, మనవరాలు ఏది చూపిస్తే అది ఇప్పించే తాత. ఆ ప్రేమను నేను తప్పుపట్టను. మా బాపూ నా పిల్లలకు అంతే చేశాడు. అదే మడిగెలో పల్లి పట్టీ ఉంటది, అరటిపండు ఉంటది. మక్క గట్క, జొన్న రొట్టె, పుంటికూర పప్పు తిని బొగ్గు తవ్విన మనిషి, మనవరాలికి గాలి నింపిన ప్యాకెట్ కొనిస్తుంటే చూడబుద్ధి కాదు. ఉట్నూరు వైపు ఆదివాసీ ఆడవాళ్లు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి పేరు తెచ్చుకున్నారు. మనకు తినే వస్తువులకు కరువా?

మీ చేతిపని గురించి ఇంకా చెప్పలేదు. నేను చూసిన ఒక కేంద్రానికి ఏదో సంఘం వాళ్లు చేతులు కడిగే లిక్విడ్ సీసాలు పెట్టె నిండా ఇచ్చిపోయారు. ఫ్లెక్సీ, ఫొటోలు, పిల్లలకు తలా ఒక బిస్కెట్ పుడ. ఆర్నెల్ల తర్వాత కూడా ఆ సీసాలు బీరువాలోనే ఉన్నాయి. స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కాయి, తగ్గితే ఎవరు జవాబు చెప్పాలని భయం. తీసినా లాభం లేకపోయేది, ఎందుకంటే నల్లా పిల్లల తల కన్నా ఎత్తులో ఉంది. అందని నల్లా కింద చేతులు కడుక్కొమ్మని పాట నేర్పితే పిల్లలు పాటే నేర్చుకుంటారు. మా కేంద్రంలో ఆ పని ఒక రిటైర్డ్ ఫిట్టర్ ఒక పూటలో చేశాడు. పైపు తెగ్గొట్టి, మూడు చిన్న నల్లాలు పిల్లల నడుము ఎత్తుకు దించాడు. కింద నీళ్లు నిలవకుండా గచ్చుకు వాటం పెట్టాడు. సబ్బును పాత నైలాన్ జాలీలో వేసి నల్లాకు కట్టాడు. కింద పడదు, మట్టి అంటదు, ఎవరూ జేబులో వేసుకుపోరు. మీలో ఎంతమంది ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, పంప్ ఆపరేటర్లు ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. ఉపన్యాసం ఇవ్వడానికి బిడియపడేవాళ్లు ఇట్లా ఒక్క నల్లా దించినా చాలు.

వచ్చేముందు కొన్ని షరతులున్నాయి. ఇవి నావి కావు, టీచర్లతో మాట్లాడి, రెండుమూడు చోట్ల దెబ్బతిని తెలుసుకున్నవి. కేంద్రంలో ఓవర్‌మన్ టీచరే. ఆమె వయసు మీ బిడ్డంత ఉన్నా, ఆమె చెప్పిందే లెక్క. ఒప్పుకున్న రోజున ఒప్పుకున్న గంటకు రావాలి. వారానికి ఒక గంట చాలు కానీ ఆ గంట ఏడాది పొడుగునా ఉండాలి. పుట్టినరోజు కేకులు, చాక్లెట్లు తేవద్దు. ఏ పిల్లతోనూ ఒంటరిగా ఒక గదిలో ఉండొద్దు. పాయిఖానాకు తీసుకుపోవడం ఆయా పని, మీది కాదు. ఇది మీ మీద అనుమానంతో అంటున్న మాట అనుకోవద్దు. గనిలోకి దిగేముందు మీ జేబులు తడిమినప్పుడు మీరు నొచ్చుకున్నారా? పిల్లల ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు. తిండి వదిలేసిన పిల్లను అందరి ముందు గద్దించొద్దు. ఒక పిల్లవాడు రోజూ గుడ్డు తినకుండా జేబులో పెట్టుకుంటే తిట్టబోయాను. ఇంట్లో చెల్లెకు తీసుకుపోతున్నాడని తర్వాత తెలిసింది. ఆ చెల్లె పేరు కేంద్రంలో రాయించలేదు. రాయించాం. వాడి గుడ్డు వాడి పొట్టలోకి పోయింది.

తంబాకు సంగతి. లోపల బీడీ కాల్చనివ్వరు కాబట్టి మీలో చాలామందికి తంబాకు, ఖైనీ అలవాటైందని నాకు తెలుసు. బాపుకూ ఉండేది. దవడలో తంబాకు పెట్టుకుని వచ్చి పండ్లు తోముకొమ్మని చెప్తే మూడేళ్ల పిల్ల మీ మాట వినదు, మీ దవడ చూస్తుంది. ఆ ఒక్క గంటైనా నోరు ఖాళీగా రండి. పండ్లు తోమడం పిల్లలకు చెప్పేటప్పుడు పేస్టు శనగగింజంత చాలు. టీవీ ప్రకటనలో లాగా బ్రష్షు నిండా వేస్తే వాళ్లు సగం మింగుతారు.

మందుల జోలికి మాత్రం పోవద్దు. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు. ఆ మాత్ర ఇవ్వాల్సింది టీచరు, ఆశా వర్కర్, ఏఎన్ఎం. ఆ రోజు మీరు చేయాల్సింది రాని పిల్లల ఇళ్లకు పోయి తీసుకురావడం, మాత్రను అట్లాగే మింగకుండా నమిలి మింగమని చెప్పడం. మీరు పిలిస్తే రాని ఇల్లు మీ వాడలో ఉండదు.

ఇంకొక సంగతి తేల్చుకోవాలి. మీరు వస్తే టీచరు జీతం మిగులుతుందని ఎవరైనా లెక్కలు వేస్తే ఒప్పుకోవద్దు. 2023 సెప్టెంబరులో అంగన్‌వాడీ ఉద్యోగులు వారాల తరబడి సమ్మెలో కూర్చున్నారు. సమ్మె అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పాలా? బరువులు తూచడం, ఎత్తులు కొలవడం, రిజిస్టర్లు, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్, ఇంటింటి సర్వే, వీటి నడుమ ఆటపాటలు. ఇదంతా ఒక్క మనిషి. ఆమె కూర్చోవాల్సిన కుర్చీలో మీరు కూర్చోవద్దు. మళ్లీ ఇట్లాంటి సమ్మె వస్తే తాళం తీసి కేంద్రం నడిపించమని మిమ్మల్ని అడగొచ్చు. ఆ రోజు ఇంటి దగ్గరే ఉండండి. మీ సంఘాల వాళ్లకు ఈ మాట ముందే చెప్పిపెట్టండి.

"మాకేం వస్తది?" అని అడిగే హక్కు మీకుంది. ముందే చెప్తున్నాను, పైసా రాదు. 1998 నాటి బొగ్గుగని పెన్షన్ ఏళ్ల తరబడి ఎక్కడున్నది అక్కడే ఉందని, ధరలు మాత్రం ఎక్కిపోయాయని మీరు ధర్నాలు చేస్తున్నారు. ఆ ధర్నాలో నేనూ ఒక రోజు కూర్చున్నాను. మీ జేబులోంచి సబ్బు కూడా కొనొద్దు. కానీ అమెరికాలో బాల్టిమోర్ అనే ఊరు ఉంది, మన లాగే పాత కార్ఖానాల ఊరు. అక్కడ 1990లలో అరవై దాటినవాళ్లను వారానికి పదిహేను గంటలు చిన్నపిల్లల బడులకు పంపే పని మొదలుపెట్టారు. ఎక్స్‌పీరియన్స్ కార్ప్స్ అని పేరు. పిల్లల చదువు కోసం పెట్టిన ఆ పనిని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం వాళ్లు ముసలివాళ్ల ఆరోగ్యం కోసం కూడా పరిశీలించారు. ఇంట్లో టీవీ ముందు కూర్చునేవాళ్లు నడవడం, నలుగురితో కలవడం మొదలుపెట్టారు. అరవై ఒకటికి బాయి దిగిపోయాక పొద్దు ఎంత పొడుగ్గా ఉంటదో మీకు తెలుసు. షిఫ్టు సైరన్ వినబడగానే ఇంకా లేచి కూర్చునేవాళ్లు మీలో ఎంతమంది లేరు?

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కుర్చీలోనే కూర్చుని గోర్లు చూడొచ్చు. చదువు రానివాళ్లకు ఇక్కడ చదువుతో పని లేదు. కాసిపేట, జన్నారం, దండేపల్లి వైపు కేంద్రాల్లో గోండి, కొలామి మాట్లాడే పిల్లలు ఉంటారు. కాలనీల్లో హిందీ, ఒడియా మాట్లాడే ఇళ్లున్నాయి. పదిచోట్ల నుంచి వచ్చిన మనుషులతో ఒకే గ్యాంగులో పని చేసిన మీకు భాష అడ్డం రాదు. వదినలూ, మీరూ రావచ్చు. నాకైతే మీరు వస్తేనే ఇంకా మంచిదనిపిస్తుంది. కానీ మీకు ఇంట్లో రిటైర్మెంట్ ఎక్కడిది? అందుకే ముందు అన్నలను అడుగుతున్నాను. వాళ్లు చేతులు కడుక్కోవడం, తిన్న పళ్లెం తామే తీయడం మగపిల్లలు చూడటం కూడా అవసరమే.

మీ వాడకట్టులో అంగన్‌వాడీ ఎక్కడుందో తెలియకపోతే మీ మనవరాలిని అడగండి, తొవ్వ చూపిస్తుంది. పిల్లలకు అన్నం పెట్టే వేళకు అరగంట ముందు చేరుకోండి. టీచరుకు నమస్తే పెట్టి, ఏ రోజు రమ్మంటారో అడిగి, ఆ రోజు పోండి. మా కేంద్రంలోనైతే గురువారం. ఆ హాలర్ అన్నకు కంటి ఆపరేషన్ అయింది, నెల రోజులు రాలేడు. గోర్లల్ల ఏం లేదని పాస్ చేసే తాత లేక పిల్లలు గేటు వైపు చూస్తున్నారు.

ఇట్లు,
ఒక టింబర్‌మన్ బిడ్డ,
రిటైర్డ్ టీచర్, మంచిర్యాల